అవును పోయి కాదు మిగిలిన మాటలు

ఇంగ్లీషు నేర్పే ప్రతి బడిలోనూ వ్యతిరేక పదాల పాఠం ఒకే తీరున మొదలవుతుంది. 'హ్యాపీ' ముందు 'అన్‌' చేరిస్తే 'అన్‌హ్యాపీ', 'కరెక్ట్‌' ముందు 'ఇన్‌' చేరిస్తే 'ఇన్‌కరెక్ట్‌', 'కేర్‌' చివర 'లెస్‌' తగిలిస్తే 'కేర్‌లెస్‌'. పిల్లలు సూత్రం ఇట్టే పట్టేస్తారు. నాలుగైదేళ్లు గడిచి 'రూత్‌లెస్‌', 'అన్‌కెంప్ట్‌', 'అన్‌కూత్‌', 'డిస్‌గ్రంటిల్డ్‌', 'ఇనెప్ట్‌', 'నాన్‌షలంట్‌' లాంటి మాటల దగ్గరికి వచ్చేసరికి ఆ సూత్రం చేతికి అందదు. వ్యతిరేకాన్ని తెచ్చే ముక్కను తీసేస్తే మిగిలేది ఎవరి నోటా వినబడని మాట. దయలేనివాడు 'రూత్‌లెస్‌' అయితే దయగలవాడు 'రూత్‌ఫుల్‌' కావాలి. ఈ రోజుల్లో ఎవరూ అలా అనరు. తల దువ్వుకోనివాడు 'అన్‌కెంప్ట్‌' అయితే నున్నగా దువ్వుకున్నవాణ్ని 'కెంప్ట్‌' అన్నా వినేవాళ్లు ఒక క్షణం ఆగి చూస్తారు.

ఇలాంటివాటిని ఇంగ్లీషు పండితులు 'అన్‌పెయిర్డ్‌ వర్డ్స్‌' అంటారు, అంటే జంట లేని మాటలని. పత్రికల్లో 'లాస్ట్‌ పాజిటివ్స్‌' అన్న పేరు ఎక్కువ. ఆ రెండో పేరులోనే ఒక తీర్పు దాగి ఉంది: మంచి అర్థమున్న మాట ఒకప్పుడు ఉండేది, అది పోయింది, చెడ్డది మిగిలింది అని. దానికి తోకగా, మనిషి నోరు మంచికన్నా చెడునే ఎక్కువ పట్టుకుంటుందన్న నీతి కూడా చెబుతారు. ఈ జవాబు సగం కూడా నిజం కాదు. ఒంటరిగా కనిపించే ఈ వ్యతిరేక పదాల వెనక కనీసం నాలుగు వేర్వేరు చరిత్రలున్నాయి. అన్నిటినీ ఒకే గంపలో వేయడం వల్లే ఈ విషయం ఎప్పుడూ వింతగా, వినోదంగా మిగిలిపోతోంది. విడదీసి చూస్తే భాష పనిచేసే తీరు గురించి ఇది నేర్పేది చాలా ఉంది.

నిజంగా వాడుక తప్పినవి

మొదటి గుంపులోని మాటలు జనం ఊహించుకునే కథకు సరిగ్గా సరిపోతాయి. 'రూత్‌' అంటే జాలి. విచారించడం, పశ్చాత్తాపపడటం అనే అర్థంలో ఇప్పటికీ ఉన్న 'రూ' అనే క్రియ నుంచి అది పుట్టింది. 'ట్రూ' నుంచి 'ట్రూత్‌' వచ్చిన దారి అదే. బైబిల్లోని రూత్‌ అనే స్త్రీ పేరు హీబ్రూ నుంచి వచ్చింది కాబట్టి దానికీ దీనికీ చుట్టరికం లేదు. మధ్యయుగాల ఇంగ్లీషులో 'రూత్‌', 'రూత్‌ఫుల్‌' రెండూ నలుగురి నోటా నలిగిన మాటలే. 1638లో అచ్చయిన మిల్టన్‌ కావ్యం 'లిసిడస్‌'లోనూ 'రూత్‌' ఉంది. ఆ తర్వాత అది కవులకే పరిమితమై, చివరికి నిఘంటువుల్లో ప్రాచీనమన్న గుర్తు కింద చేరింది.

'రెక్‌లెస్‌'లోని 'రెక్‌' అంటే లెక్కచేయడం, పట్టించుకోవడం. షేక్‌స్పియర్‌ 'హామ్లెట్‌'లో ఒఫీలియా తన సోదరుడు లేయర్టీస్‌తో మాట్లాడుతూ ఈ క్రియను వాడుతుంది. 'లిస్ట్‌లెస్‌'లోని 'లిస్ట్‌' జాబితా కాదు, కోరిక. 1611 నాటి కింగ్‌ జేమ్స్‌ బైబిల్లో గాలి తన ఇష్టం వచ్చిన చోటికి వీస్తుందని చెప్పేటప్పుడు వాడింది ఆ క్రియనే. 'ఫెక్‌లెస్‌'లోని 'ఫెక్‌' స్కాట్లాండ్‌ వాళ్లు 'ఎఫెక్ట్‌'ను కుదించి చేసుకున్నది. మందమతి అనే అర్థంలో బ్రిటన్లో వాడే 'గార్మ్‌లెస్‌'కు మూలం స్కాండినేవియా నుంచి వచ్చిన 'గామ్‌'. దానికి ధ్యాస, గ్రహింపు అని అర్థం. ఎమిలీ బ్రాంటీ 1847లో వెలువరించిన 'వుదరింగ్‌ హైట్స్‌'లో అది యార్క్‌షైర్‌ పలుకుబడిలో 'గామ్‌లెస్‌'గా కనిపిస్తుంది.

'హ్యాప్‌లెస్‌' కథ ఇంకా పెద్దది. 'హ్యాప్‌' అంటే అదృష్టం. ఒంటరి మాటగా అది పోయింది గానీ దాని సంతానం ఇంగ్లీషంతా పరుచుకుని ఉంది. 'హ్యాపెన్‌' అంటే దైవవశాత్తు జరగడం, 'పర్‌హ్యాప్స్‌' అంటే అదృష్టాన్ని బట్టి, 'మిస్‌హ్యాప్‌' అంటే దురదృష్టం. మనం సంతోషం అని అర్థం చెప్పుకునే 'హ్యాపీ'కి తొలి అర్థం అదృష్టవంతుడు. కాబట్టి 'హ్యాప్‌' చచ్చిపోయిందనడం సరికాదు. ఒంటరిగా నిలబడే శక్తి పోయి పిల్లల ఇళ్లలో బతుకుతోంది.

'అన్‌కెంప్ట్‌' దువ్వెనకు సంబంధించిన మాట. పాత ఇంగ్లీషులో దువ్వడాన్ని 'కెంబ్‌' అనేవారు, దువ్విన తల 'కెంప్ట్‌'. దువ్వెనకు 'కోమ్‌' అన్న నామవాచకం ఉండటంతో జనం దాన్నే క్రియగానూ వాడటం మొదలుపెట్టారు. 'కెంబ్‌' పక్కకు తప్పుకుంది. దువ్వని తలకు ఉన్న మాట మాత్రం పాత అచ్చులోనే ఉండిపోయింది.

వీటిలో నిదానంగా చూడవలసినది 'అన్‌కూత్‌'. ఈనాడు దానికి మోటు, సంస్కారం లేని అని అర్థం. తెలుసుకోవడం అనే పాత ఇంగ్లీషు క్రియకు 'కూత్‌' భూతకాల విశేషణం, అంటే తెలిసినది. 'అన్‌కూత్‌' అంటే తెలియనిది. తెలియనిది వింతగా ఉంటుంది, వింతైనది ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎబ్బెట్టైన మనిషి నాగరికత తెలియనివాడిగా కనిపిస్తాడు. అలా మెట్టు మెట్టుగా దిగి ఆ మాట నేటి అర్థానికి చేరింది. 'కూత్‌' వాడుకలోంచి పోయినా స్కాట్లాండ్‌లో 'కూతీ' అన్న రూపంలో ఆత్మీయమైన, స్నేహశీలమైన అనే అర్థంతో నిలిచే ఉంది. బంధుమిత్రులను 'కిత్‌ అండ్‌ కిన్‌' అంటారే, అందులోని 'కిత్‌' కూడా ఈ కుటుంబమే: తెలిసినవాళ్లు. ఇంకొంచెం లోతుకు వెళితే మనకూ పాలు దొరుకుతుంది. ఇంగ్లీషు 'అన్‌', లాటిన్‌ 'ఇన్‌', గ్రీకు 'అ', సంస్కృతం 'అ' నాలుగూ ఒకే మూలం నుంచి వచ్చినవి. 'కూత్‌' వెనకున్న ధాతువూ, సంస్కృతంలోని 'జ్ఞా' ధాతువూ ఒకటే. అంటే 'అన్‌కూత్‌', మన 'అజ్ఞాత' ముక్క ముక్కకూ సరిపోయే తోబుట్టువులు. ఒకటి మోటుతనానికి దిగజారింది, మరొకటి మొదటి అర్థాన్ని చెక్కుచెదరకుండా కాపాడుకుంది.

ఈ గుంపులోని మాటలు పోవడానికి ముఖ్యమైన కారణం పోటీ. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి పదాలు వెల్లువలా వచ్చాయి. జాలికి 'పిటీ', 'మెర్సీ', ఆ తర్వాత 'కంపాషన్‌' వచ్చి 'రూత్‌' పని లాక్కున్నాయి. 'హ్యాప్‌' పనిని 'ఛాన్స్‌', ఫ్రెంచి నుంచి రాని 'లక్‌' పంచుకున్నాయి. మరి 'రూత్‌లెస్‌' ఎందుకు పోలేదు? 'పిటీలెస్‌', 'మెర్సీలెస్‌' ఉన్నాయి కదా? ఉన్నాయి, కానీ అనుకున్నది సాధించడానికి ఎవరినైనా తొక్కుకుంటూ పోయే గుణం అన్న ప్రత్యేక ఛాయ 'రూత్‌లెస్‌'కు అప్పటికే పట్టింది. సొంత అర్థం సంపాదించుకున్న సమాసం తన మూలపదం పోయినా బతుకుతుంది. ఈ గుంపు మొత్తానికీ వర్తించే నియమం అదే.

జంట లేకుండానే వచ్చినవి

రెండో గుంపు మాటలకు పోగొట్టుకోవడానికి ఇంగ్లీషులో ఏమీ లేదు. అవి ఫ్రెంచి, లాటిన్‌ భాషల నుంచి వ్యతిరేక రూపంలోనే దిగుమతి అయ్యాయి. చిందరవందర జుట్టును 'డిషెవెల్డ్‌' అంటారు. ఫ్రెంచిలో జుట్టుకున్న పాత పేరు అందులో ఉంది. ఇంగ్లీషు తీసుకున్నది చెదిరిన జుట్టునే, దువ్విన జుట్టును కాదు. 'నాన్‌షలంట్‌' కూడా అలాంటిదే. దాని మూలమైన లాటిన్‌ క్రియకు వేడిగా ఉండటమని అర్థం, మనం రోజూ అనే 'క్యాలరీ' దాని చుట్టమే. ఏం జరిగినా వేడెక్కనివాడు 'నాన్‌షలంట్‌'. వేడెక్కేవాణ్ని 'షలంట్‌' అన్నవారు ఇంగ్లీషులో ఎప్పుడూ లేరు.

'ఇనెప్ట్‌' విషయంలో ఇంకో మెలిక ఉంది. దీనికి జంట ఉంది, 'ఆప్ట్‌' అని. లాటిన్లో ముందు ఉపసర్గ చేరితే లోపలి అచ్చు మారడం మామూలు. 'ఆప్టుస్‌' కాస్తా 'ఇనెప్టుస్‌' అయింది. అచ్చు మారేసరికి ఇంగ్లీషువాళ్ల చెవికి ఆ రెంటికీ ఉన్న బంధం వినబడకుండా పోయింది. 'ఆర్ట్‌' లేనిది 'ఇనర్ట్‌' కావడం, అందులోంచి భౌతికశాస్త్రంలోని 'ఇనర్షియా' రావడం కూడా ఈ మార్పు వల్లే. శత్రువును చెప్పే 'ఎనిమీ' మరీ గుర్తుపట్టలేని ఉదాహరణ. లాటిన్లో 'అమీకుస్‌' అంటే స్నేహితుడు, 'ఇనిమీకుస్‌' అంటే స్నేహితుడు కానివాడు. అది ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి ఉపసర్గ ఆనవాలు కూడా మిగలలేదు. 'ఇన్‌ఫెంట్‌' సంగతీ అంతే: మాట్లాడలేనిది అని దాని అసలు అర్థం.

చెడ్డ మాటలే మిగిలాయన్న నీతి నిలబడదని చెప్పేది కూడా ఈ గుంపే. 'ఇన్నొసెంట్‌' అంటే హాని చేయనివాడు, 'ఇంపెకబుల్‌' అంటే పాపం అంటనివాడు, 'ఇమ్మాక్యులేట్‌' అంటే మచ్చ లేనిది. మూడూ మెచ్చుకోలు మాటలే, మూడింటికీ వాడుకలో జంట లేదు. ఇక్కడ మిగిలింది మంచి, మరుగున పడింది చెడు. మచ్చ అనే అర్థమున్న 'మాక్యులా' పూర్తిగా పోలేదు, కంటి వైద్యుల దగ్గర ఉంది. రెటీనా మధ్యలో చూపుకు కీలకమైన చోటు పేరు అదే. వయసు పైబడినవారికి ఆ భాగం దెబ్బతిన్నప్పుడు వైద్యులు చెప్పే మాటలోనూ, మచ్చలేని వస్త్రాన్ని పొగిడే మాటలోనూ ఉన్నది ఒకే పదం.

వ్యతిరేకమే కానివి

మూడో గుంపు మన కళ్లను మోసం చేస్తుంది. ఉపసర్గ ఉన్నట్టే ఉంటుంది, అది వ్యతిరేకార్థకం కాదు. 'డిస్‌గ్రంటిల్డ్‌'నే తీసుకోండి. గుర్రుమనడాన్ని 'గ్రంట్‌' అంటారు. మాటిమాటికీ గుర్రుమంటూ, సణుగుతూ ఉండటానికి 'గ్రంటిల్‌' అనే పాత క్రియ ఉండేది. ఇందులోని 'డిస్‌' పని లేదని చెప్పడం కాదు, మరింత అని చెప్పడం. బాగా సణిగేలా చేయబడినవాడు 'డిస్‌గ్రంటిల్డ్‌'. అంటే 'గ్రంటిల్డ్‌' అన్న మాట నిజంగా బతికి ఉంటే అదీ అసంతృప్తినే చెప్పి ఉండేది. పోయిన జంటల జాబితాల్లో తరచుగా మొదటి వరుసలో కనిపించే ఈ మాటకు అసలు పోవడానికి మంచి జంటే లేదు.

నీరసాన్నీ దిగులునూ చెప్పే 'డిస్మల్‌'లో 'డిస్‌' అసలు ఉపసర్గే కాదు. లాటిన్లో చెడు రోజులకున్న పేరు ఫ్రెంచి మీదుగా ఇలా మారింది. మధ్యయుగాల ఐరోపా పంచాంగాల్లో నెలకు రెండు చొప్పున అచ్చిరాని రోజులుండేవి. ఆ రోజుల్లో ప్రయాణాలు, కొత్త పనులు పెట్టుకునేవారు కాదు. వర్జ్యం, దుర్ముహూర్తం చూసుకునే మనకు ఆ భావం పరాయిది కాదు.

ఈ గుంపులో ప్రాణాలతో ముడిపడ్డ మాట 'ఇన్‌ఫ్లేమబుల్‌'. మన రోడ్ల మీద పెట్రోలు ట్యాంకర్ల వెనక పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. ఇందులోని 'ఇన్‌' లోపలికి అనే అర్థమున్నది, మంటను లోపలికి తీసుకునేది, అంటే ఇట్టే అంటుకునేది. కానీ 'ఇన్‌కరెక్ట్‌', 'ఇన్‌కంప్లీట్‌' నేర్చుకున్న మనిషి దీన్ని మంట అంటుకోనిదిగా చదివే ప్రమాదం ఉంది. అందుకే అమెరికాలో నేషనల్‌ ఫైర్‌ ప్రొటెక్షన్‌ అసోసియేషన్‌ 1920లలో 'ఇన్‌ఫ్లేమబుల్‌' మానేసి 'ఫ్లేమబుల్‌' వాడమని గట్టిగా కోరింది. అక్కడ హెచ్చరికల భాష మారింది. అంటుకోనిదానికి 'నాన్‌ఫ్లేమబుల్‌' అని వేరే మాట స్థిరపడింది. మన ట్యాంకర్ల మీద మాత్రం పాత మాట ఇంకా ఉంది. ఉపసర్గను తప్పుగా చదివితే పరీక్షలో ఒక మార్కు పోవడమే కాదు, ఒళ్లు కాలే ప్రమాదమూ ఉంది.

జంట ఉన్నా పొత్తు కుదరనివి

నాలుగో గుంపులో రెండు మాటలూ ఉన్నాయి, కానీ ఒకదానికొకటి వ్యతిరేకాలు కావు. 'కానీ' అంటే జాగ్రత్తపరుడు, గడుసువాడు. 'అన్‌కానీ' అంటే గగుర్పాటు కలిగించేది. రెండూ ఒకే చోట బయల్దేరి చెరో దారి పట్టాయి. 'అపాయింట్‌' అంటే నియమించడం. ఫ్రెంచి నుంచి వచ్చిన 'డిసపాయింట్‌'కు పదవి నుంచి తొలగించడమనే పాత అర్థం ఉండేది. పదవి పోయినవాడి మనసులోని బాధే తర్వాత ఆ మాటకు అర్థమైంది. 'వాల్యుబుల్‌', 'ఇన్‌వాల్యుబుల్‌' రెండూ విలువైనవే, రెండోది వెలకట్టలేనంత విలువైనది. 'ఫేమస్‌' కానివాడు 'ఇన్‌ఫేమస్‌' కాడు, అతనికి పేరుంది, చెడ్డపేరు.

ఇందులో 'నాన్‌ప్లస్డ్‌' మన కళ్లముందే మారుతున్న మాట. ఇక పాలుపోని స్థితిని లాటిన్లో 'నాన్‌ ప్లుస్‌' అన్నారు, అంటే ఇంతకు మించి లేదు అని. అందులోంచి దిక్కుతోచని అనే అర్థం వచ్చింది. ఉత్తర అమెరికాలో ఇప్పుడు చాలామంది దాన్ని చలించని, తొణకని అనే అర్థంలో వాడుతున్నారు. 'నాన్‌' చూడగానే ఏదో లేదని మనసు అనుకుంటుంది, కలత లేదేమో అని ఊహించుకుంటుంది. జంట లేని మాటను జనం ఊరికే వదిలిపెట్టరు, తమకు తోచిన జంటను లోపల ఊహించుకుని అర్థాన్నే తిప్పేస్తారు.

ఎందుకిలా జరుగుతుంది

భాషావేత్తలు ఈ విషయాన్ని వంద ఏళ్లకు పైగా తరచి చూస్తున్నారు. 1917లో వ్యతిరేకార్థంపై ఒక గ్రంథమే రాసిన డెన్మార్క్‌ పండితుడు ఒటో యెస్పర్సన్‌ గమనించినది ఇది: ఉపసర్గతో చేసిన వ్యతిరేకాలు ఎక్కువగా మంచి మాటల మీదే నిలబడతాయి. 'అన్‌హ్యాపీ' ఉంది, 'అన్‌శాడ్‌' లేదు. 'అన్‌కైండ్‌' ఉంది, 'అన్‌క్రూయెల్‌' లేదు. 'అన్‌క్లీన్‌' ఉంది, 'అన్‌డర్టీ' లేదు. 1964లో కార్ల్‌ జిమర్‌ ఇదే ప్రశ్నను ఇంగ్లీషుతో పాటు ఇతర భాషల్లోనూ విస్తృతంగా పరిశీలించారు. లారెన్స్‌ హార్న్‌ 1989 నాటి ఉద్గ్రంథం ఈ చర్చనంతా ఒకచోట చేర్చింది.

దీని వెనకున్న లెక్క సులువైనదే. సవ్యంగా ఉన్నదాన్ని మనం పేరు పెట్టి చెప్పం. తల దువ్వుకుని వచ్చిన మనిషిని చూసి ఎవరూ ఏమీ అనరు, దువ్వుకోకుండా వస్తేనే మాట పుడుతుంది. మామూలుగా ఉన్నది మౌనంగా సాగిపోతుంది, మామూలు తప్పినదానికే పేరు కావలసి వస్తుంది. ఆ పేరు పదేపదే నోట్లో ఆడుతుంది కాబట్టి బతుకుతుంది. అంతమాత్రాన మనుషులు చెడునే మాట్లాడతారని కాదు. 1969లో బౌచర్‌, ఆస్‌గుడ్‌ ప్రతిపాదించిన 'పోలియానా' సిద్ధాంతం ప్రకారం, ఏ భాషలోనైనా మంచిని చెప్పే మాటలే ఎక్కువసార్లు, ఎక్కువ సందర్భాల్లో వాడబడతాయి. మంచి మామూలు కాబట్టే దానికి ప్రత్యేకమైన పదాలు తక్కువ అవసరమవుతాయి. ఈ రెండు విషయాలూ ఒకదానికొకటి అడ్డు కావు.

మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. భాషకు ఎక్కువగా అవసరమైన జంటలు ఉపసర్గల మీద ఆధారపడవు. 'గుడ్‌'కు 'బ్యాడ్‌', 'హాట్‌'కు 'కోల్డ్‌', 'బిగ్‌'కు 'స్మాల్‌' సొంతంగా ఉన్నాయి. 1949లో వచ్చిన జార్జ్‌ ఆర్వెల్‌ నవల '1984'లో పాలకులు తయారుచేసిన కృత్రిమ భాష 'బ్యాడ్‌'ను తీసేసి 'అన్‌గుడ్‌' పెట్టింది. ప్రతి మాటకూ లెక్కగా ఒక జంట ఉండేలా దిద్దిన భాష అది. మనుషుల ఆలోచనను కుదించే పనిముట్టుగా ఆర్వెల్‌ దాన్ని చూపించారు. జీవభాషలోని ఈ ఎగుడుదిగుళ్లు లోపాలు కావని చెప్పడానికి ఇంతకన్నా బలమైన ఉదాహరణ నాకు కనబడదు.

తిరిగి తెచ్చే ప్రయత్నాలు

పోయినట్టు కనిపించే జంటలను మళ్లీ కట్టాలని రచయితలు చాలాకాలంగా ప్రయత్నిస్తున్నారు. సంస్కారవంతుడనే అర్థంలో 'కూత్‌'ను 1896లో మాక్స్‌ బీర్‌బోమ్‌ వాడారు. పాత 'కూత్‌'కు అర్థం తెలిసినది, ఈ కొత్త 'కూత్‌' దాని పునర్జన్మ కాదు, 'అన్‌కూత్‌'ను వెనక్కి తిప్పి చేసిన కొత్త మాట. 1938లో వచ్చిన 'ద కోడ్‌ ఆఫ్‌ ద వూస్టర్స్‌'లో పి.జి. వుడ్‌హౌస్‌ 'గ్రంటిల్డ్‌'ను తృప్తిగా ఉన్నవాడనే అర్థంలో వాడారు. ఇక్కడా అదే జరిగింది: సణుగుడును చెప్పవలసిన మాట సంతోషాన్ని చెప్పింది. 1994 జులైలో 'ద న్యూయార్కర్‌'లో జాక్‌ వింటర్‌ రాసిన 'హౌ ఐ మెట్‌ మై వైఫ్‌' మొత్తం ఇలాంటి మాటలతోనే అల్లిన రచన.

అన్నిటికన్నా ముచ్చటైనది అమెరికాలోని మిల్వాకీ విమానాశ్రయంలో జరిగింది. గందరగోళ పడటాన్ని చెప్పే 'డిస్‌కంబాబ్యులేట్‌' 19వ శతాబ్దంలో అమెరికన్లు లాటిన్‌లా వినబడేలా సరదాగా కల్పించిన మాట. దానికి మూలపదం ఎప్పుడూ లేదు. 2008లో ఆ విమానాశ్రయంలో భద్రతా తనిఖీ దాటిన చోట 'రీకంబాబ్యులేషన్‌ ఏరియా' అని బోర్డు పెట్టారు. బెల్టు, బూట్లు, ల్యాప్‌టాప్‌ తీసి తనిఖీకి ఇచ్చిన ప్రయాణికులు మళ్లీ సర్దుకునే చోటు అది. అమెరికన్‌ డయలెక్ట్‌ సొసైటీ ఆ ఏడాది అత్యంత సృజనాత్మకమైన మాటగా దాన్ని ఎంచింది.

ఈ ప్రయత్నాల్లో స్థిరపడినవి కొన్నే. 'గ్రంటిల్డ్‌', 'ఎప్ట్‌' ఈనాటికీ చమత్కారంగానే వినబడతాయి. చదివేవారికి 'డిస్‌గ్రంటిల్డ్‌', 'ఇనెప్ట్‌' గుర్తుకొస్తేనే వాటికి అర్థం ఏర్పడుతుంది. 'ఫ్లేమబుల్‌' మాత్రం తన కాళ్ల మీద తాను నిలబడింది. దానికి నిజమైన అవసరం ఉంది, దాని వెనక ఒక సంస్థ పట్టుదల ఉంది. చమత్కారం ఒక మాటను పుట్టించగలదు, అవసరమే దాన్ని బతికిస్తుంది.

సంస్కృతంలో, మన వాడుకలో

ఇదంతా ఇంగ్లీషుకే ప్రత్యేకమనుకుంటే పొరపాటు. బళ్లో నఞ్‌ తత్పురుష సమాసం చదివిన ప్రతివారికీ 'న ధర్మం అధర్మం' తెలుసు. వ్యాకరణ సంప్రదాయం ఆ 'న'కు సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత్వం, అప్రాశస్త్యం, విరోధం అని ఆరు అర్థాలు చెప్పింది. ఈ 'న' అంటే లేదు అని మాత్రమే అర్థం కాదని మన వైయాకరణులు ఎప్పుడో గుర్తించారు.

వెనక్కి తిప్పి జంటను కల్పించడంలో సంస్కృతం ఇంగ్లీషుకన్నా చాలా ముందుంది. ఋగ్వేదంలోని పాత భాగాల్లో 'అసుర' శబ్దం వరుణుడిలాంటి దేవతలకు గౌరవంగా వాడినది. ప్రాచీన ఇరాన్‌ దైవమైన అహుర మజ్దా పేరులోని 'అహుర' కూడా ఇదే. తర్వాతి కాలంలో దాన్ని 'అ' చేర్చిన వ్యతిరేక పదంగా భావించి, ముందు అక్షరం తీసేసి, దేవతకు 'సుర' అన్న మాట చేశారు. 'విధవ' కథ కూడా ఇదే. అది ఇంగ్లీషు 'విడో', లాటిన్‌ 'విదువ' మాటల తోబుట్టువు, విడిపోయినది అని మూలార్థం. మనవాళ్లు దాన్ని 'వి', 'ధవ' అని విడగొట్టి, 'ధవుడు' అంటే భర్త అన్నారు. మాధవుడంటే లక్ష్మీదేవి భర్త అని చెప్పే వ్యుత్పత్తిలో ఉన్నది ఆ ధవుడే. నల్లనిది 'అసిత' నుంచి తెల్లనిది 'సిత' వచ్చిందని కూడా పండితుల అభిప్రాయం. 'గ్రంటిల్డ్‌' ఇంకా చమత్కారంగానే ఉండగా 'సుర' పురాణాలంతటా స్థిరపడింది.

తెలుగు వాడుకలో జంట లేని మాటలు కోకొల్లలు. బాగుందని చెప్పడానికి 'అమోఘం' అంటాం, వ్యర్థమన్న అర్థమున్న 'మోఘం' ఎవరి నోటా రాదు. గడియ లేని తలుపులా మాట ధారగా సాగితే 'అనర్గళం', గడియను 'అర్గళం' అనేవారు లేరు. 'అమాయకుడు' ఉన్నాడు, 'మాయకుడు' లేడు. 'నిబంధనలు బేఖాతరు' అని పత్రికలు రోజూ రాస్తాయి. ఖాతరు చేయలేదంటాం, ఖాతరు చేశాడని అనేవారు అరుదు. ఉర్దూలో గౌరవాన్నీ ఆదరణనూ చెప్పే ఆ మాట మన దగ్గర తిరస్కారంలోనే బతుకుతోంది.

అచ్చ తెలుగు క్రియల్లో ఈ గుణం ఇంకా లోతుగా ఉంది. ఏం చేయాలో పాలుపోలేదంటాం, పాలుపోయిందని ఎవరూ అనరు. జ్వరమొస్తే అన్నం సయించదు, తగ్గాక సయించిందన్న మాట దాదాపు వినబడదు. అత్తాకోడళ్లకు పొసగదు, పొసగినవాళ్ల గురించి చెప్పడానికి వేరే మాటలు వెతుక్కుంటాం. కారణం అంతుపట్టదంటాం, అంతుపట్టిందని అనం. తెలుగు తన క్రియలోనే వ్యతిరేకాన్ని ఇముడ్చుకోగల భాష కాబట్టి ఇక్కడ ఉపసర్గ అక్కర్లేకుండానే కాదన్న రూపం స్థిరపడుతుంది. ఇంగ్లీషులో 'బడ్జ్‌' అనే క్రియ ఎక్కువగా కదలలేదని చెప్పడానికే పనికొస్తుంది. మన 'పాలుపోదు' పక్కన నిలబెట్టదగినది 'రూత్‌లెస్‌' కన్నా అదే.

తేలినదేమిటి

లాస్ట్‌ పాజిటివ్‌ అన్న పేరు మొదటి గుంపుకు తప్ప చెల్లదు. రెండో గుంపుకు ఇంగ్లీషులో పోయినదేమీ లేదు, మూడో గుంపులో వ్యతిరేకమే లేదు, నాలుగో గుంపులో జంట ఉండి కూడా జంట కాదు. మనుషులు చెడునే గుర్తుంచుకుంటారన్న నీతి 'ఇన్నొసెంట్‌', 'ఇంపెకబుల్‌', 'అమోఘం' ముందు నిలవదు. మాటను జనం ముక్కలుగా కాక నిండుగా నేర్చుకుంటారు, నిండుగానే వాడతారు. అందుకే లోపలి ముక్క చచ్చినా మాట చావదు.

ఇంగ్లీషు పాఠాలు చెప్పేవారికి ఒక విన్నపం. 'అన్‌', 'ఇన్‌', 'డిస్‌' పట్టికలు ఇచ్చేటప్పుడు, సూత్రం తప్పే మాటలను మినహాయింపులని పక్కన పెట్టకండి. ఒక్కొక్కదాని చరిత్ర రెండు వాక్యాల్లో చెప్పండి. పిల్లలు వాటిని మరిచిపోరు. అమెరికాలో స్క్రిప్స్‌ నేషనల్‌ స్పెల్లింగ్‌ బీ పోటీల్లో రాణిస్తున్న తెలుగు మూలాల పిల్లలు మాట ఏ భాష నుంచి వచ్చిందో అడిగి తెలుసుకుంటారు, నియమాలే ఆ వీలు ఇస్తాయి. ఆ అలవాటు మన బళ్లలో పిల్లలకూ అందాలి. తెలుగు నిఘంటువులు కూర్చేవారికి మరో విన్నపం. 'పాలుపోవు', 'సయించు' అని ధాతువు ఇచ్చి ఊరుకోకుండా, ఇవి వ్యతిరేక రూపంలోనే వాడుకలో ఉన్నాయని స్పష్టంగా రాయండి. తెలుగు ఇంట్లో పుట్టనివారు, విదేశాల్లో పెరుగుతున్న మన పిల్లలు ఈ భాషను నిఘంటువులోనే నేర్చుకుంటున్నారు. ఆ ఒక్క వాక్యం లేకపోతే వాళ్లకు మన వాడుక అందదు.